అంగుళిమాల స్థవిరుని చరిత్ర

శ్రీవైష్ణవ గృహములలో తిరుమంగై ఆళ్వారు కథ వినని వారుండరు. కుముదవల్లికి ఇచ్చిన మాట చొప్పున దినమునకు 1008 మంది భాగవతులకు తదీయారాధన జరుపుటకై ఉన్నదంతయు వెచ్చించి, పిమ్మట చేత కాసు లేక దారి కాచి దోచిన చోళదేశపు వీరుడాయన. పెండ్లికొడుకుగా వచ్చిన స్వామినే అడ్డగించి నగలు ఒలిచి, కట్టిన మూట కదలకపోగా ఏమి మంత్రము వేసితివని నిలదీసి, తిరుమంత్రమునే ఉపదేశముగా పొందెను. దారి దోచుట పాపమే. ఆ పాపము వెనుకనున్న చిత్తము మాత్రము భాగవతుల ఆకలి చుట్టు తిరుగుచుండెను. కర్మను తూచునపుడు చేతిని చూడవలెనా, చిత్తమును చూడవలెనా అను ప్రశ్న ఆ కథ వినునపుడెల్ల మనకు తోచును. ఆళ్వారుకు ఎన్నో శతాబ్దములకు పూర్వము కోసలదేశమున మరియొక దారి దొంగ బ్రతుకు ఇదే ప్రశ్నను మిక్కిలి ఘోరముగా అడిగినది. అతడు ఎవరి ఆకలి తీర్చుటకును దోచలేదు. గురువు మాట చెల్లించుటకై మనుష్యులను చంపెను. అతడే బౌద్ధ వాఙ్మయమున ప్రసిద్ధుడైన అంగుళిమాలుడు.

బౌద్ధుని కథ మన పత్రికలో ఏల అని కొందరనవచ్చును. జయదేవుడు గీతగోవిందమున దశావతారములలో బుద్ధుని చేర్చి కీర్తించెను. దక్షిణదేశపు శ్రీవైష్ణవులు బుద్ధుని విడిచి బలరాముని చేర్చి చెప్పుట వాడుక. ఆత్మను గూర్చియు, ఈశ్వరుని గూర్చియు బౌద్ధులు చెప్పినది మనకు అంగీకారము కాదు. భగవద్రామానుజులు శ్రీభాష్యము రెండవ అధ్యాయము రెండవ పాదమున ఆ మతమును విస్తరముగా ఖండించిరి. అయినను మనస్సు ఏ తీరున కర్మయగునో, ఏ తీరున దుఃఖమగునో శోధించుటలో వారు చూపిన శ్రద్ధ మనము తెలిసికొనదగినది. సిద్ధాంత గ్రంథముల కంటె ఈ ఒక్క జీవితము ఆ సంగతిని స్పష్టముగా చూపును.

ఈ కథకు మూలము పాళీ భాషలోని మజ్ఝిమనికాయమున 86వ సూత్రము. అంగుళిమాలుని పేర కొన్ని గాథలు థేరగాథలందు కలవు. సూత్రము అతని బాల్యమును గూర్చి ఏమియు చెప్పదు. కోసలరాజ్యమున క్రూరుడగు దొంగ యొకడుండెనని మొదలుపెట్టును. బాల్యకథ యంతయు తరువాతి వ్యాఖ్యలలోనిది. క్రీ.శ. 5వ శతాబ్దమున బుద్ధఘోషుడు సింహళమున కూర్చిన వ్యాఖ్య వానిలో ముఖ్యమైనది. ఏది సూత్రము, ఏది వ్యాఖ్య అను భేదమును పాఠకులు మనస్సున నుంచుకొనుట మంచిది.

కోసలరాజధాని శ్రావస్తి. శ్రీరామచంద్రుడు లవునికి ఇచ్చిన పట్టణమిదియేనని రామాయణ ఉత్తరకాండ వలన మనకు తెలిసినదే. బుద్ధుని కాలమున అచ్చట ప్రసేనజిత్తు రాజ్యము చేయుచుండెను. ఆ రాజు పురోహితునకు ఒక కుమారుడు కలిగెను. ఆ రాత్రి నగరములోని ఆయుధములన్నియు వాటియంతట అవియే మెరసెననియు, రాజు పడకయొద్దనున్న ఖడ్గము కూడ మెరసెననియు వ్యాఖ్యాతలు చెప్పుదురు. జ్యోతిషము తెలిసిన తండ్రి బిడ్డ దొంగ కాగలడని గ్రహించి, దాచక రాజుతోనే విన్నవించెను. ఒంటరి దొంగయా, రాజ్యమును కూల్చు దొంగల నాయకుడా అని రాజు అడిగెను. ఒంటరివాడేయని తెలిసి, పెంచుకొమ్మనెను. తండ్రి బిడ్డకు అహింసకుడని పేరు పెట్టెను. మన పల్లెలలో పుట్టిన బిడ్డలు దక్కని యిండ్ల పెంటయ్య యనియు పుల్లయ్య యనియు పిలిచి మృత్యువు కన్ను తప్పించుటకు చూతురు గదా! ఆ బ్రాహ్మణుడును పేరుతో విధిని తప్పింపజూచెను. పేరు కొంతకాలము పనిచేసినట్లే కనబడినది. బాలుడు బుద్ధిమంతుడు, వినయవంతుడు, మిక్కిలి బలశాలి. పెద్దవాడు కాగానే తక్షశిలకు చదువునకు పంపబడెను.

తక్షశిలలో అతడు తక్కిన శిష్యులనందరిని మించెను. గురుపత్ని అతనిని కన్నబిడ్డవలె చూచుచుండెను. చదువులో ఓడిన వారికి అది కంటగింపయ్యెను. కులమున గాని, నడవడిలో గాని, బుద్ధిలో గాని అతనికి లోపము చూపుటకు వీలులేదు. కనుక వారు మూడు గుంపులుగా విడిపోయి ఒకరి తరువాత నొకరు గురువునొద్దకు పోయి, గురుపత్నియెడ అతడు తప్పు తలచుచున్నాడని చెప్పిరి. మొదటి గుంపును గురువు కసరి పంపెను. రెండవ గుంపు మాటకు మనస్సు కలగెను. మూడవ గుంపు వచ్చునప్పటికి ఆయన నమ్మి యుండెను. చంపించినచో ఇక తనయొద్దకు శిష్యులు రారు. అందుచేత శిష్యుని చేతనే శిష్యుని నాశము చేయదలచెను. చదువు ముగిసినది, దక్షిణ చెల్లింపుము, వేయిమందిని చంపి వ్రేళ్ళు తెమ్మనెను.

ఇది విన్నవారికి మొదట అహింసకునిపై కంటె ఆ గురువుపై కోపము కలుగును. అది సహజమే. కాని ఈ ఘట్టమున ఎవరి చేతియందును ఇంకను కత్తి లేదు. రక్తబిందువు రాలలేదు. ఉన్నవన్నియు మనస్సులే. తోటివారి మనస్సులో అసూయ, గురువు మనస్సులో శంక. అసూయ మాటయైనది, మాట శంకయైనది, శంక ఆజ్ఞయైనది. ఆ ఆజ్ఞ తరువాత ఎన్ని పల్లెలలో ఎన్ని యిండ్ల దీపములార్పెనో! బౌద్ధులు పాపమునకు లోభము, ద్వేషము, మోహము అని మూడు మూలములు చెప్పుదురు. ఈ కథలో చావులన్నియు అడవిలో మొదలు కాలేదు. పాఠశాలలో, చదువుకొన్నవారి చిత్తములలో మొదలయ్యెను.

అహింసకుడు వెంటనే ఒప్పుకొనలేదు. మాది హింసయెరుగని వంశము, నాచేత కాదనెను. దక్షిణ లేని విద్య ఫలింపదని గురువు చెప్పగా, ఆ మాటకు లొంగెను. ఇచ్చట ఒక సందేహము పొడమును. అతడు తన కోరికచే చంపలేదే, గురువాజ్ఞ పాలించెనే, మరి పాపము ఎవరిది? బుద్ధుడు కర్మ యనగా చేతనయే యని, అనగా బుద్ధిపూర్వకముగా చిత్తము పూనుకొనుటయే యని బోధించెను. నాలందావాసియైన ఉపాలి యను గృహస్థుని కథలో, శరీరముచే చేసిన కర్మయే గురుతరమని వాదించిన జైనులకు ఎదురుగా, మనఃకర్మయే గురుతరమని నిలిచెను. ఆజ్ఞ ఇతరులదైనను, ఎత్తిన కత్తిని దింపుటకు పూనుకొను చిత్తము తనదే. రాజు నవ్వుచు మరణశిక్ష విధించినను, ఆ క్షణమున అతని చిత్తమున పనిచేయునది ద్వేషమే యని అభిధర్మ వ్యాఖ్యాతల మతము. ఈ లెక్కలో గురుభక్తి అహింసకునికి అడ్డుగా నిలువలేదు. గురువునకు గురువు పాపము, శిష్యునకు శిష్యుని పాపము. ఒకరిది ఒకరు పంచుకొని తగ్గించుకొనుట లేదు.

అతడు కోసలదేశపు అడవిలో చేరి దారినపోవు వారిని చంపసాగెను. ఎందరిని చంపెనో లెక్క తప్పెననియు, అందుచే చంపిన ప్రతివాని వ్రేలు కోసి ఉంచెననియు, దాచినవి నిలువకపోగా దండగ్రుచ్చి మెడలో వేసికొనెననియు చెప్పుదురు. అహింసకుడన్న పేరును జనులు మరచిరి. అంగుళిమాలుడని పిలిచిరి. పది, ఇరువది, ముప్పది, నలువది మంది కూడి పోయినను అతని చేత చిక్కుచుండిరని సూత్రము చెప్పుచున్నది. పల్లెలు పాడుపడెను. జనులు రాజద్వారమున చేరి మొరపెట్టిరి. వేయింటికి ఒక్క వ్రేలు తక్కువైన నాడు రాజు సేనతో బయలుదేరుచున్నాడను వార్త విని, కన్నతల్లి కొడుకును హెచ్చరింప అడవిదారి పట్టెను. వేయవ వ్రేలు ఆమెదే కావలసియుండెను.

బుద్ధుడు శ్రావస్తిలో భిక్ష ముగించి, పడకను సర్దుకొని, పాత్రను చీవరమును తీసికొని ఒంటరిగా ఆ దారినే నడచెను. పశుల కాపరులు, గొఱ్ఱెల కాపరులు, దున్నుకొనువారు, బాటసారులు ముమ్మారు వారించిరి. ఆయన మారుపలుకక సాగిపోయెను. అంతమంది కలిసివచ్చినను దాటని దారిని ఒక్క సన్న్యాసి దాటుచుండుట చూచి అంగుళిమాలునికి ఆశ్చర్యము కలిగెను. కత్తి, డాలు, విల్లు, అమ్ములపొది తీసికొని వెంబడించెను. ఏనుగును, గుర్రమును, రథమును, లేడిని పరుగెత్తి పట్టినవాడు, మెల్లగా నడచుచున్న మనుష్యుని అందుకొనలేకపోయెను. ఆగి, ఆగుమని కేకవేసెను. బుద్ధుడు నడచుచునే, తాను ఆగియే యున్నాననియు, ఆగవలసినవాడు అతడేననియు చెప్పెను.

ఇది విని అంగుళిమాలుడు నవ్వి కత్తి దూయవచ్చును. దూయలేదు. ఈ సన్న్యాసులు అబద్ధమాడరే, నడచుచు ఆగితిననుట యేమి, నిలిచియున్న నన్ను ఆగలేదనుట యేమి అని ఆలోచించెను. చాలకాలమునకు అతడు ఆజ్ఞ పాలింపక ఆలోచించుట ఇదియే మొదలు. తక్షశిలలో గురువు చెప్పిన మాటను వితర్కింపక తలకెత్తుకొనినవాడు, అడవిలో శత్రువు చెప్పిన మాటకు అర్థమడిగెను. ప్రాణులయెడ దండమును విడుచుటయే ఆగుట యని బుద్ధుడు వివరించెను. కాళ్ళు నిలిచినను హింసకై పూనిన చిత్తము పరుగెత్తుచునే యుండును. హింస విడిచిన చిత్తము కాళ్ళు నడచినను కదలదు. అంగుళిమాలుడు ఆయుధములను లోయలోనికి విసరివేసి పాదములపై వ్రాలి సన్న్యాసము వేడెను. భిక్షువా రమ్మని పిలిచినంతనే దీక్ష లభించెను.

ప్రసేనజిత్తు 500 మంది ఆశ్వికులతో దొంగను పట్ట బయలుదేరి, త్రోవలో బుద్ధుని దర్శింప వచ్చెను. ఆ దొంగయే తల గొరిగించుకొని, హింస విడిచి, ఏకభుక్తము చేయుచు శీలవంతుడై కనబడినచో ఏమి చేయుదువని బుద్ధుడు అడిగెను. నమస్కరించి వస్త్రాన్నములు సమర్పింతునని రాజు చెప్పెను. అట్టివానికి అంతటి శీలము ఎక్కడిదని కూడ అనెను. చేరువనే కూర్చున్న భిక్షువును బుద్ధుడు చేయి చాపి చూపగా రాజు భయముచే వణకెను, రోమములు నిక్కబొడిచెను. తేరుకొని, ఆ భిక్షువు తలిదండ్రుల గోత్రములడిగి, గౌరవముతో అవసరములు తీర్చెదననెను. మూడు చీవరములున్నవి, ఇక చాలునని అతడు మృదువుగా నిరాకరించెను. దండముతోను, ఖడ్గముతోను తాము లొంగదీయలేని వానిని అవి రెండును లేకయే లొంగదీసితిరే యని రాజు బుద్ధుని కొనియాడి మరలిపోయెను. ఖైదీలకు ధర్మము చెప్పుటకై ఇంగ్లండులో 1985లో ఏర్పడిన బౌద్ధసంస్థ తనకు అంగుళిమాలుని పేరే పెట్టుకొనుటకు కారణము ఈ ఘట్టమును చదివినవారికి తెలియును.

ఒకనాడు శ్రావస్తిలో భిక్షకు పోవుచు అంగుళిమాలుడు ప్రసవవేదన పడుచు ప్రాణాపాయములో నున్న స్త్రీని చూచెను. ప్రాణులెంత బాధపడుచున్నవి యని అతని హృదయము కరగెను. వేయి చావులు చూచి చలింపని కండ్లు ఒక్క పురుటినొప్పికి చలించుట గమనింపదగినది. అతడు వచ్చి బుద్ధునికి చెప్పెను. పుట్టినది మొదలు బుద్ధిపూర్వకముగా ప్రాణి నెవరిని చంపలేదను సత్యముచే ఆమెకు, గర్భమునకు శుభమగుగాక యని ఆమె యెదుట పలుకుమని బుద్ధుడు ఆదేశించెను. అంగుళిమాలుడు వెనుకాడెను. తాను ఎందరినో బుద్ధిపూర్వకముగా చంపెను. అట్లు పలికినచో తెలిసి ఆడిన అబద్ధమగునని మనవి చేసెను. అప్పుడు బుద్ధుడు ఆర్యమార్గమున పుట్టినది మొదలు అని మార్చి పలుకుమనెను. అతడు పోయి అట్లే పలికెను. తల్లి, బిడ్డ క్షేమముగా బయటపడిరి.

గురువాజ్ఞ యని వేయిమందిని చంపబూనినవాడు, ఇప్పుడు బుద్ధుని ఆదేశమైనను అబద్ధమున్నచో పలుకననెను. కరుణకొరకైనను తన చేతిలోని రక్తమును కాదనలేదు. ఆ సత్యవాక్యము నేటికిని సింహళము మున్నగు థేరవాద దేశములలో అంగుళిమాల పరిత్తయను పేర గర్భిణుల క్షేమమునకై భిక్షువులు పఠించుచున్నారు. మన స్త్రీలు సుఖప్రసవమునకు స్తోత్రములు వినుట వంటిదే ఇదియు.

తరువాత అతడు ఏకాంతమున సాధన చేసి అర్హతుడయ్యెను. అనగా రాగద్వేషమోహములు వేరుతో నశించిన స్థితిని పొందెను. ఇంతటితో ముగిసినచో కథ చెవులకు ఇంపుగా నుండెడిది. సూత్రము అట్లు ముగింపదు.

ఆ పిమ్మట ఒకనాడు భిక్షకు పోగా అతనిమీద మట్టిగడ్డ వచ్చి పడెను, కఱ్ఱ వచ్చి పడెను, పెంకు వచ్చి పడెను. తల పగిలి నెత్తురు కారుచుండ, పాత్ర ముక్కలై, పైబట్ట చినిగి, విహారమునకు తిరిగివచ్చెను. విసరినవారెవరో సూత్రము చెప్పదు. కాకులను, కుక్కలను తోలుటకు ఎవరో ఎటో విసరినవి కూడ వచ్చి ఈయన మీదనే పడెడివని వ్యాఖ్య చెప్పుచున్నది. నాకు మాత్రము వారిలో కొందరైనను కొడుకును, భర్తను, తండ్రిని ఆ అడవిదారిలో పోగొట్టుకొన్నవారై యుందురని తోచుచున్నది. వారిని తప్పుపట్టుటకు మనసొప్పదు. హంతకుడు సన్న్యాసి యైనందున చచ్చినవారు తిరిగి రారు. అతనికి చిత్తశాంతి కలిగినదను వార్త వారి కడుపుకోతకు మందు కాదు.

బుద్ధుడు గాయములు చూచి ఓర్చుకొమ్మనెను. అనేక సంవత్సరములు నరకమున అనుభవింపవలసిన కర్మఫలమును ఇచ్చటనే, ఈ జన్మమునందే అనుభవించుచున్నాడని చెప్పెను. చిత్తము మారినది గదా, పాత పాపము ఇంకను ఏల వెంబడించెను? బుద్ధుడు వేరొకచోట చెప్పిన ఉప్పుకల్లు పోలిక దీనికి సమాధానము. ఉప్పుకల్లును గిన్నెడు నీటిలో వేసినచో నీరు త్రాగరానిదగును. గంగలో వేసినచో రుచి మారదు. ఉప్పు అదియే, నీరు వేరు. అల్పమైన చిత్తమున నరకమగు కర్మ, విశాలమైన చిత్తమున తల పగులుటతో తీరవచ్చును. తీరుట మాత్రము తప్పదు. మరియొక సూత్రమున ఆయన బాణముల పోలిక చెప్పెను. అజ్ఞాని ఒక బాణము తగిలినచో ఏడ్చి, పొరలి, ద్వేషించి తనకు తానే రెండవ బాణము గుచ్చుకొనును. జ్ఞాని మొదటి బాణమునకు నొచ్చును, రెండవది గుచ్చుకొనడు. అంగుళిమాలుని తలపై పడిన కఱ్ఱ నొప్పించినది నిజమే. విసరిన చేతిపై కోపము అతనికి పుట్టలేదు. పుట్టియుండినచో మరియొక కర్మ మొదలయ్యెడిది. థేరగాథలలో అతని పేరనున్న గాథలందు తన శత్రువులు కూడ ధర్మము విందురుగాక యను కోరిక కలదు.

మన వేదాంతమునందును ఇట్టి విచారము కలదు. బ్రహ్మవిద్య కలిగినప్పుడు పూర్వపాపములు నశించుననియు, ప్రారబ్ధము మాత్రము అనుభవించియే తీరవలెననియు బ్రహ్మసూత్రముల నాలుగవ అధ్యాయము మొదటి పాదమున నిర్ణయము. శరణాగతులలో దృప్తుడు ఈ దేహము ముగియువరకు ప్రారబ్ధమును అనుభవించి మోక్షము పొందును; ఆర్తుడు ఆ క్షణమే కోరుకొనును. ఇచ్చట మనకును వారికిని దారులు వేరగును. మన యాచార్యుల మతమున కర్మను తీర్పు తీర్చువాడును, క్షమించువాడును శ్రియఃపతియే. బౌద్ధమున క్షమించువారెవరును లేరు. బుద్ధుడు అంగుళిమాలుని దారికి తెచ్చెను గాని, అతని తలపై పడు కఱ్ఱను తన చేతితో ఆపలేదు, పాపము తొలగించితినని అభయమీయలేదు. చిత్తమును తానే కడుగుకొనవలెను, మిగిలిన దెబ్బను తానే భరింపవలెను. ఈ ఒంటరితనము మన భక్తులకు కఠినముగా తోచవచ్చును. అట్లయినను దెబ్బ తిని కోపింపని ఆ భిక్షువును మెచ్చుకొనుటకు మతభేదము అడ్డురాదు.

అతని అవసానమును గూర్చి సూత్రము ఏమియు చెప్పదు. 5వ శతాబ్ది ప్రారంభమున వచ్చిన చీనా యాత్రికుడు ఫాహియాన్, 7వ శతాబ్దమున వచ్చిన హ్యుయన్‌త్సాంగ్ శ్రావస్తిలో అంగుళిమాలుని స్తూపమును చూచినట్లు వ్రాసిరి. పందొమ్మిదవ శతాబ్దమున కన్నింగ్‌హాం ఉత్తరప్రదేశములోని సహేత్-మహేత్ దిబ్బలే పూర్వపు శ్రావస్తియని నిర్ణయించి, మహేత్‌లో పక్కీకుటీ యని పిలువబడు ఇటుకల కట్టడమును ఆ స్తూపముగా గుర్తించెను. అయోధ్యా యాత్ర చేయువారికి గోండా, బలరాంపురముల మీదుగా ఈ చోటు నూరు కిలోమీటర్లకు కొంచెము పైబడిన దూరమున నున్నది. జేతవనపు శిథిలములు సహేత్‌లో, పక్కీకుటీ పాత నగరపు గోడల లోపల నున్నవి. అంగుళిమాలుడు తల పగిలి నడచివచ్చిన దారి ఆ రెంటికి నడుమ నుండెడిది.